రోము వీధుల్లో కూరల సంచీతో

రోము వెళ్ళొచ్చానంటే అందరూ ముందు అడిగేది, "కొలోసియం చూశావా? పోపుగారు కనిపించారా?" అనే. కొలోసియం చూశాను. పోపుగారు దూరం నించి తెల్లగా చుక్కలా కనిపించారు. కానీ అక్కడున్న రెండు నెలల్లో నేను రోజూ చూసింది కూరల బజారు, ట్రాము స్టాపు, కాఫీ కొట్టు, మా చెల్లెలు వాళ్ళ మేడ మెట్లు. కాబట్టి వాటి గురించే రాస్తాను. మిగతావి పుస్తకాల్లో ఉంటాయి.

2023 మార్చి మొదటివారంలో వెళ్ళాను. మా చెల్లెలికి రెండో కాన్పు. నిజానికి వెళ్ళవలసింది అమ్మ. "గుమ్మం దిగి వీధిలోకే పోని దాన్ని, నన్ను విమానం ఎక్కిస్తారుటే?" అంది. దాంతో మావారినీ పిల్లల్నీ మా అత్తగారికి అప్పజెప్పి, కారప్పొడులూ, కాయం ముక్కా, శొంఠీ మూట కట్టుకుని నేనే బయల్దేరాను.

చెల్లెలు వాళ్ళు ఉండేది ట్రస్తేవెరె అనే పేటలో. ఆ మాటకి "తీబర్ నదికి అవతల" అని అర్థమట. పాతకాలపు మేడలు, సన్నటి సందులు, లిఫ్టు లేని మూడో అంతస్తు. గోడలన్నీ పండిన బొప్పాయి రంగు. ఒక మేడ కిటికీ నించి ఎదురింటి దాకా తాళ్ళు కట్టి బట్టలారేస్తారు. దుప్పట్లూ, పసిపిల్లల లాగులూ, పెద్దాయన బనీన్లూ అన్నీ నడినెత్తి మీద వేలాడుతుంటే చూసి, అమ్మయ్య, ఇక్కడా మనుషులే ఉన్నారనిపించింది.

మా మరిదిగారు పొద్దున ఎనిమిదింటికే ఆఫీసుకి వెళ్ళిపోతారు. చెల్లెలు మెట్లు దిగకూడదు. కూరలు తేవాలంటే నేనే. భాష రాదు. తెనాలిలో మావారి స్కూటరు వెనకాల కూర్చుని బజారుకి వెళ్ళడమే గానీ ఒక్కదాన్నీ ఎక్కడికీ వెళ్ళి ఎరగను. మొదటిరోజు సంచీ పట్టుకుని మెట్ల మీద పది నిమిషాలు నిలబడ్డాను, దిగనా వద్దా అని.

దిగాక మొదటి పరీక్ష కాళ్ళకే. ఆ వీధులన్నీ నల్లరాళ్ళ చదరాలు పరిచి ఉంటాయి. సాంపియెత్రీని అంటారు. పైన నున్నగా, మధ్యలో సందులతో ఉంటాయి. వానపడితే సబ్బు రాసినట్టే జారతాయి. కాస్త మడమ ఉన్న చెప్పు వేసుకుంటే సందులో ఇరుక్కోవడం ఖాయం. కానీ అక్కడి ఆడవాళ్ళు ఆ రాళ్ళ మీదే టకటకా నడిచిపోతారు. నేను మాత్రం రెండోరోజే కాన్వాసు బూట్లకి మారాను, చీర కిందే. ఎవరూ తిరిగి చూడలేదు. ఆ ఊరు రెండువేల ఏళ్ళుగా ఎన్ని దేశాల వాళ్ళని చూసిందో, చీర కింద బూట్లు ఒక లెక్కా!

మాకు దగ్గర్లో సాన్ కొసిమాతొ అనే చిన్న మైదానంలో ఆదివారం తప్ప రోజూ పొద్దున కూరల బజారు పెడతారు. అక్కడే నాకు మొదటి చీవాట్లు పడ్డాయి. అలవాటు కొద్దీ టమాటాలు నొక్కి చూశాను. కొట్టతను చెయ్యి అడ్డం పెట్టి గలగలా ఏదో అన్నాడు. నా మొహం మాడిపోయింది. తర్వాత తెలిసింది, అక్కడ కూరలు మనం ముట్టుకోకూడదు. ఏం కావాలో చెబితే అతనే ఏరి ఇస్తాడు. ఈరోజు వండుతావా, రేపు వండుతావా అని అడిగి మరీ, పండువో దోరవో ఇస్తాడు. పెద్ద దుకాణాల్లో మనమే ఏరుకోవచ్చుగానీ చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకోవాలి. ఇంకో తప్పు కూడా చేశాను. కొట్టు ముందు నిలబడగానే "అర కిలో" అన్నాను. ముందు "బుయొన్ జోర్నొ" అనాలి. అంటే శుభోదయం. అది అనకుండా బేరంలోకి దిగితే పలకరింపు తెలియని మనిషి కింద లెక్క. వారం తిరిగేసరికి నేనూ అనడం మొదలుపెట్టాను, అతనూ "సిన్యోరా" అని నవ్వడం మొదలుపెట్టాడు.

అన్నట్టు, మన కొసరు కరివేపాకు అక్కడా ఉంది! కూరలన్నీ తూచాక ఒక క్యారెట్టు, సెలరీ కాడ, గుప్పెడు పార్స్‌లీ కట్టి ఊరికే సంచీలో పడేస్తాడు. "ఒదోరి" అంటారు, వాసనలు అని. వాళ్ళ పులుసులకీ సాసులకీ అవే తాలింపు సరుకు. డబ్బులిస్తానంటే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. పెద్ద దుకాణాల్లో ఇది ఉండదు. ముసలివాళ్ళంతా ఈ బజారుని వదలకపోవడానికి అదీ ఒక కారణమేమో.

ఆ ముసలివాళ్ళలో ఒకావిడ గురించే నేను ఇదంతా రాయాలనుకున్నది.

మా చెల్లెలు వాళ్ళ కింద అంతస్తులో ఉంటుంది. ఎనభై నాలుగేళ్ళు. భర్త పోయి ఇరవై ఏళ్ళయిందట. కొడుకు మిలాన్‌లో ఉంటాడు. ఒక్కతే ఉంటుంది. రోజూ తొమ్మిదింటికి తలుపు తాళం చప్పుడు. నేనూ అదే వేళకి దిగేదాన్ని. బూడిదరంగు కోటు, మెడకి పువ్వుల స్కార్ఫు, చెవులకి ముత్యాలు, పెదవులకి రంగు. చేతిలో చక్రాల సంచీ. అంత తయారై వెళ్ళి ఆవిడ కొనేది ఏమిటనుకున్నారు? రెండు కార్చోఫిలు, నాలుగు బీన్సు, ఒక నిమ్మకాయ. అదీ పావుగంట మాట్లాడి. కూరలతనితో, పక్క పండ్లావిడతో, దారినపోయే ఇంకో ముసలాయనతో. ఆ తర్వాత మూలనున్న కాఫీ కొట్టుకి వెళ్ళి నిలబడే కాఫీ తాగుతుంది.

కాఫీ సంగతి ఒక మాట చెప్పాలి. అక్కడ కాఫీ అంటే రెండు గుక్కల చిక్కటి డికాషన్. బల్ల దగ్గర నిలబడి తాగితే ఒక యూరో పైన కాస్త చిల్లర, అదే కుర్చీలో కూర్చుంటే రెండింతలూ మూడింతలూ కూడా పడుతుంది. చాలా చోట్ల ముందు డబ్బులు కట్టి, చీటీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాలి. పాలు, నురగ వేసిన కప్పుచ్చీనో పొద్దున పూట మాత్రమే తాగుతారు. భోజనం అయ్యాక అడిగితే, అన్నంలో పెరుగు కలిపాక సాంబారు పోసుకున్నవాళ్ళని మనం చూసినట్టు చూస్తారు.

కాఫీ అయ్యాక ఆవిడ మైదానంలో బెంచీ మీద ఎండలో కూర్చుంటుంది. పన్నెండింటికి ఫిరంగి పేలుతుంది. భయపడకండి, అది రోజూ ఉండేదే! మా పేటకి పైనే జానికొలొ అనే గుట్ట ఉంది. దాని మీద నించి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి ఉత్త మందుతో ఫిరంగి కాలుస్తారు. ఊళ్ళో చర్చి గంటలు తలో టైముకి మోగుతున్నాయని 1847లో తొమ్మిదో పయస్ పోపుగారు ఈ పద్ధతి పెట్టించారట. 1904 నించి ఈ గుట్ట మీద నించే. మొదటిరోజు నా చేతిలో గరిటె జారిపడింది. తర్వాత ఆ చప్పుడికి అన్నం వార్చడం అలవాటైంది, చిన్నప్పుడు మిల్లు కూతకి వార్చినట్టు. మా చెల్లెలి పాప పుట్టాక మాత్రం ఆ ఫిరంగిని తిట్టుకోని రోజు లేదు. సరిగ్గా పన్నెండుకి ఐదు నిమిషాల ముందే అది నిద్రపోయేది.

ఫిరంగి పేలగానే ఆవిడ లేచి ఇంటికి బయల్దేరుతుంది. ఒంటిగంట దాటితే చిన్న కొట్లు చాలా మటుకు మూసేస్తారు. మళ్ళీ నాలుగింటికి గానీ తియ్యరు. మన వేసవి మధ్యాహ్నాల్లాగే వీధులు నిద్రపోతాయి. సాయంత్రం మాత్రం ఊరంతా బయటే. ఏ పనీ లేకుండా, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని, చేతులు పట్టుకుని అటు ఇటూ నడుస్తారు. ఆ నడకకి ప్రత్యేకం పేరు ఉంది, పస్సెజ్జాత అని. ముసలి దంపతులు, పసిపిల్లల బళ్ళు, కుర్రాళ్ళు, కుక్కలు అన్నీ ఆ ప్రవాహంలోనే.

ఇక్కడ నాకు మా అమ్మ గుర్తొస్తూనే ఉండేది. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ అమ్మ రోజూ తెనాలి కూరగాయల మార్కెట్‌కి వెళ్ళేది. బెండకాయ చివర తుంచి చూడకుండా ఒక్కటి కూడా సంచీలో వెయ్యనిచ్చేది కాదు. 2018లో నాన్నగారు పోయారు. ఏడాది దాకా సరే. ఆ తర్వాత కూడా అమ్మ వీధిలోకి వెళ్ళడం మానేసింది. ఎవరూ వద్దనలేదు. నిజం చెప్పొద్దూ, రమ్మని కూడా ఎవరం అనలేదు. కూరలు తమ్ముడు తెచ్చిపడేస్తున్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాం. అమ్మకి అరవై తొమ్మిదే. ఎనభై నాలుగేళ్ళావిడ పెదవులకి రంగేసుకుని నాలుగు బీన్సుకి వెళ్తుంటే మెట్ల మీద వెనకాలే దిగుతూ నేను లెక్కలు వేసుకునేదాన్ని.

ఏప్రిల్‌లో ఒకసారి వరసగా రెండురోజులు తాళం చప్పుడు వినపడలేదు. మూడోరోజు బజారులో కూరలతనే నన్నడిగాడు, చేతులతో, ఆవిడలా నడిచి చూపించి. నేను తెలీదన్నాను. అతను రెండు కార్చోఫిలు, ఒక నిమ్మకాయ, ఒదోరి కట్ట నా సంచీలో వేసి పైకి చూపించాడు. వెళ్ళి తలుపు కొట్టాను. సందు మాత్రం తెరిచింది. జుట్టు విరబోసుకుని, ముక్కు ఎర్రబడి, జలుబూ జ్వరమూ. నన్ను చూడగానే వేలు ఎత్తి ఆగమని సైగ చేసి తలుపు వేసేసింది. అయిదు నిమిషాలు గుమ్మంలోనే నిలబడ్డాను. మళ్ళీ తీసేసరికి తల దువ్వుకుని స్కార్ఫు కట్టుకుని ఉంది. పెదవులకి రంగు కూడా! అప్పుడు రానిచ్చింది.

ఇంటికెళ్ళి మిరియాల చారు కాచి ఫ్లాస్కులో పోసి తెచ్చాను. వాళ్ళూ జ్వరం వస్తే "బ్రోదొ" అని పలచటి రసం తాగుతారు. ఇదీ అదే అనుకుని ఒక గుక్క తాగింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. దగ్గింది. నేను కంగారు పడుతుంటే చెయ్యి ఊపి మిగతాది మొత్తం తాగేసింది. నాలుగోరోజు తొమ్మిదింటికి తాళం చప్పుడైంది. ఈసారి నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. బజారులో కూరలతను, పండ్లావిడ, కాఫీ కొట్టు కుర్రాడు అందరూ కేకలే.

ఆ వారంలోనే తన వంటింట్లో కార్చోఫి వండటం నేర్పింది. ఇక్కడ చదివేవాళ్ళలో ఎవరికైనా అక్కడ పిల్లలు ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. చూడ్డానికి ఆకుపచ్చ తామరమొగ్గలా ఉంటుంది, శీతాకాలం నించి వసంతం దాకా వస్తుంది. పైన గట్టి రేకులన్నీ వలిచెయ్యాలి, మనం అరటిపువ్వు వలిచినట్టే. లేతది వచ్చేదాకా ఆగకూడదు. వలిచింది వలిచినట్టు నిమ్మరసం నీళ్ళలో వెయ్యకపోతే నల్లబడుతుంది. అరటిపువ్వుకి మజ్జిగ ఎలాగో దానికి నిమ్మకాయ అలాగ. వెల్లుల్లి, పార్స్‌లీ, మెంతూచ్చ అనే ఒక రకం అడవి పుదీనా సన్నగా తరిగి ఉప్పుతో కలిపి మధ్యలో కూరాలి. కాడలు పైకి ఉండేట్టు గిన్నెలో తలకిందులుగా నిలబెట్టి, ఆలివ్ నూనె ధారాళంగా, కాసిని నీళ్ళు పోసి మూతపెట్టి సన్నసెగన మగ్గనివ్వాలి. నేను రెండోసారి రెండు పచ్చిమిరపకాయలు చేర్చాను. ఆవిడకి చెప్పలేదు.

పచ్చిమిరపకాయలంటే గుర్తొచ్చింది. మన సరుకులకి ఎస్క్విలీనొ బజారుకి వెళ్ళాలి, పెద్ద రైలు స్టేషను దగ్గర. అక్కడ బంగ్లాదేశ్ వాళ్ళవి, మనవాళ్ళవి వరసగా కొట్లు. బెండకాయలు, కొత్తిమీర, కాకరకాయలు, కందిపప్పు అన్నీ ఉన్నాయి. బాలింతకి పెట్టడానికి వాము, వెల్లుల్లి కూడా అక్కడే తెచ్చాను. అక్కడికి బస్సులో వెళ్తుంటేనే ఒకసారి నా చేతిసంచీ జిప్పు తీశారు. చక్కటి బట్టలు వేసుకున్న ఇద్దరు అమ్మాయిలు. నాకేమీ తెలీలేదు. ఎదురు సీట్లో పెద్దావిడ ఒకామె లేచి గొడుగు ఊపుతూ అరిచింది చూడండి, బస్సు బస్సంతా ఇటు తిరిగింది. ఆ అమ్మాయిలు వచ్చే స్టాపులో దిగిపోయారు. పర్సు దక్కింది. ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు సంచీ ముందుకి వేసుకోండి. బస్సు టికెట్టు కూడా అప్పట్లో ముందే కొనాల్సి వచ్చేది, "టి" అక్షరం బోర్డు ఉన్న పొగాకు కొట్లలో అమ్ముతారు. నేను వెళ్ళినప్పుడు యూరోన్నర. ఎక్కాక పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానే.

మరో రోజు ట్రాములో వెనకనించి "మీరు తెలుగువాళ్ళాండీ?" అని వినపడింది. తిరిగి చూస్తే తెల్లముసుగులో ఒక కన్యాస్త్రీ. గుంటూరు దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్ళయిందట వచ్చి. గోంగూర దొరుకుతుందా అని నేనడిగితే, నవ్వి, "కుండీలో వేశామండీ, ఎండాకాలం వస్తుంది" అంది. మూడు స్టాపుల దూరంలో మా ఇద్దరికీ ఎన్ని కబుర్లో! దిగేటప్పుడు మా చెల్లెలి పాపకోసం ప్రార్థన చేస్తానంది.

ఆ ఊళ్ళో నాకు బాగా నచ్చింది మంచినీళ్ళు. వీధివీధికీ ఇనప కుళాయి స్తంభం, ఇరవైనాలుగు గంటలూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. చల్లగా తియ్యగా ఉంటాయి. దాని గొట్టం వంకర చూసి "నసోనె" అంటారు, పెద్దముక్కు అని. 1874లో మొదలుపెట్టారట, ఇప్పుడు సుమారు 2,500 ఉన్నాయంటారు. గొట్టం చివర వేలితో మూస్తే పైన ఉన్న చిన్న చిల్లులోంచి ధార పైకి చిమ్ముతుంది, వంగకుండా తాగొచ్చు. ఈ కిటుకు కూడా కింది అంతస్తావిడే చూపించింది. నేను మొదటిసారి చేస్తే మొహమంతా తడిసింది. వారానికి రెండుసార్లు బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డ రోజులున్నాయి మాకు. ఆ నీళ్ళు అలా కాలవలోకి పోతుంటే చూడలేక, ఎవరూ చూడకుండా బాటిలు అడ్డం పెట్టేదాన్ని. ఎన్నింటికని పెడతాం!

నచ్చనివి లేకపోలేదు. చెత్తడబ్బాలు నిండి పొర్లుతుంటాయి, వాటి మీద కోడిపుంజుల్లాంటి సముద్రపు కొంగలు. అంత పాత గోడల మీదా రంగుడబ్బాలతో పిచ్చిరాతలు. మనదే అనుకున్నాను, అక్కడా ఆ రోగం ఉంది.

మే మొదట్లో తిరిగొచ్చాను. వచ్చేముందు కింది అంతస్తావిడకి వెంకటగిరి జరీచీర ముక్కతో కుట్టిన స్కార్ఫు ఇచ్చాను. మర్నాడు పొద్దున అదే కట్టుకుని బజారుకి దిగింది. నేను అమ్మకోసం ఆవిడలాంటి చక్రాల సంచీయే కొన్నాను, నీలం గళ్ళది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏవిటే ఇది, పసిపిల్లల బండిలా?" అని తీసుకెళ్ళి వంటింటి మూల పెట్టి ఉల్లిపాయలు పోసుకుంది.

పదిరోజులు ఊరుకున్నాను. ఒకరోజు రాత్రి అన్నాను, "అమ్మా, రేపు పొద్దున మార్కెట్‌కి వెళ్తున్నా, నువ్వూ రా" అని. మోకాళ్ళంది, ఎండంది, ఈ వయసులో ఏం బజారంది. నేను మళ్ళీ అడగలేదు. పొద్దున్న ఆరున్నరకి కాఫీ గ్లాసు కడుగుతుంటే వెనకనించి, "ఎంతసేపే నీ తయారవడం? ఎండెక్కితే లేతవన్నీ పోతాయి" అని వినపడింది. నేత చీర కట్టుకుని, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి ఉంది. ఉల్లిపాయలన్నీ చాటలో పోసి ఉన్నాయి.

మార్కెట్‌లో బెండకాయల బుట్ట దగ్గర వంగి, ఒక కాయ చివర టప్పున తుంచింది. "అమ్మగారూ, తుంచకండి!" అన్నాడు కుర్రాడు. "తుంచకపోతే ముదురో లేతో నువ్వు చెబుతావుటయ్యా?" అని ఇంకోటి తీసింది.